ఎవరి దేశానికి ఎవరి గుర్తింపు? సాక్ష్యానికి మాత్రం మనమా?

ఏటా సెప్టెంబర్ 17 వచ్చేసరికి మన పల్లెల్లో ఒక తగువు లేస్తోంది. ఆ తేదీ తెలంగాణ వాళ్ళది, మనకేం పని అనుకునేవాళ్ళం. ఇప్పుడట్టా లేదు. వేమూరు, కొల్లూరు, అమృతలూరు, చుండూరు, భట్టిప్రోలు మండలాల నుంచి మన పిల్లలు హైదరాబాదు పోతన్నారు. కోచింగులకి కొందరు, సెంట్రింగు పనికి కొందరు, గేటు కాడ సెక్యూరిటీకి కొందరు. పండక్కి ఇంటికొచ్చేటప్పుడు బట్టలతో పాటు వాదనలు కూడా మూట గట్టుకొస్తన్నారు. ఒకడేమో అది హిందువులకు విమోచనం వచ్చిన రోజంటాడు. 2024లో కేంద్ర ప్రభుత్వం ఆ తేదీని 'హైదరాబాద్ విమోచన దినం' అని గెజిట్‌లో కూడా వేసింది. ఇంకొకడు, బాగా చదివినవాడే, నీలి జెండా పట్టినవాడే, ఎదురు అడుగుతాడు: "అన్నా, నిజాం స్వతంత్ర హైదరాబాదుకి పైదేశాలు గుర్తింపు ఇచ్చి ఉంటే మనోళ్ళకి మేలు జరిగేది గదా? మన మనిషిని ఐక్యరాజ్య సమితి దాకా పంపింది నిజామే గదా? మన చదువులకి కోటి రూపాయలు పక్కన పెట్టింది ఆ ప్రభుత్వమే గదా?"

మొన్న సాయంత్రం చర్చి అరుగు మీద ఈ తగువు ముదిరింది. నాట్ల నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్న ఒక పెద్దమ్మ అంతా విని ఒకటే మాట అడిగింది: "ఆ గుర్తింపు కాయితం కోసం పోయేముందు దున్నేవాణ్ణి ఎవరన్నా అడిగారా అయ్యా?" ఎవరూ నోరు మెదపలా. మేం ఇది రాయడానికి కూర్చున్నది ఆ మాట వల్లే.

అసలు ఒక దేశానికి గుర్తింపు అంటే ఏంటి? మన భాషలో చెప్పుకుంటే పట్టా లాంటిది. ఏటి గట్టున లంక భూమో, డొంక పోరంబోకో ముప్పై ఏళ్ళు సాగు చేస్తాం. చెమట మనది, పంట మనది. అయినా కాగితం మీద ఎక్కితేనే మనది, ఎక్కకపోతే ఆక్రమణ. అదే భూమికి ఆసామి నిన్నగాక మొన్న కంచె వేస్తే చాలు, కాగితం నడుచుకుంటా ఆయన ఇంటికి పోతది. రాసేవాడు చేను చూసి రాయడు, వెనక ఎవరున్నారో చూసి రాస్తాడు. దేశాల సంగతీ ఇంతే. ఒక నేల విడిపోయి మేం స్వతంత్రం అంటే, దానికి జనం ఉన్నారా, హద్దులున్నాయా, నడిచే ప్రభుత్వం ఉందా అని అంతర్జాతీయ చట్టం పుస్తకాల్లో కొలతలున్నాయి. ఆచరణలో చూసేది ఒకటే, ఏ పెద్ద రాజ్యం వెనక నిలబడిందని.

నమ్మకపోతే చూడండి. 1903 నవంబర్ 3న పనామా, కొలంబియా నుంచి విడిపోతున్నానంది. అమెరికా యుద్ధనౌక అప్పటికే రేవులో ఉంది. మూడో నాటికి, నవంబర్ 6న, అమెరికా గుర్తింపు వచ్చేసింది. సరిగ్గా పదిహేను రోజులకి, నవంబర్ 18న, కాలువ తవ్వుకునే హక్కు అమెరికాకి రాసిచ్చారు. ఇంతాజేసి పనామా తరఫున సంతకం పెట్టినాయన పనామావాడు కాదు, ఫ్రెంచివాడు! పొలం ఒకడిది, వేలిముద్ర ఇంకొకడిది. 1932లో జపాన్ సైన్యం చైనాకి చెందిన మంచూరియాను పట్టుకుని, దానికి మంచుకువో అని పేరు పెట్టి, పదవి పోయిన చైనా చక్రవర్తిని తెచ్చి కూర్చోబెట్టి, తనే ముందు గుర్తించింది. నానాజాతి సమితి ఒప్పుకోకపోతే సమితినే వదిలేసి పోయింది. తర్వాత జపాన్‌తో చుట్టరికం కలుపుకున్న ముస్సోలినీ ఇటలీ 1937లో, హిట్లర్ జర్మనీ 1938లో గుర్తించాయి.

పాత కథలంటారా? 2008 ఫిబ్రవరిలో కొసావో, సెర్బియా నుంచి విడిపోయానంది. మర్నాడే అమెరికా గుర్తించింది. చట్టవిరుద్ధం, సెర్బియా హద్దులు చెరపటానికి మీరెవరు అని రష్యా గొంతు చించుకుంది. ఆరు నెలలు తిరిగాయి. ఆగస్టులో జార్జియాతో యుద్ధం చేసి, 26వ తేదీన రష్యా అబ్ఖాజియా, దక్షిణ ఒస్సేతియాలను స్వతంత్ర దేశాలుగా గుర్తించింది. ఈసారి జార్జియా హద్దులు చెరపటానికి మీరెవరు అని గొంతు చించుకున్నది అమెరికా. వాదన అదే, నోళ్ళు మారాయి. రష్యా వెనక నికరాగువా వచ్చింది, 2009లో వెనిజులా వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో నౌరు అనే దీవి కూడా వచ్చింది. నౌరు మొత్తం వైశాల్యం ఇరవై ఒక్క చదరపు కిలోమీటర్లు. మన వైపు పెద్ద ఊళ్ళు నాలుగు కలిపితే వచ్చే పొలమంత. జనం పదివేలు. రష్యాను ఐదు కోట్ల డాలర్ల సాయం అడిగిందని అప్పుడు పత్రికలు రాశాయి. తువాలు అనే ఇంకో దీవి 2011లో గుర్తించి, 2014లో వెనక్కి తీసుకుంది. ఆ దీవుల వాళ్ళను వెక్కిరించడం మా ఉద్దేశం కాదు. ఎన్నికల రోజు ఐదొందల నోటు పుచ్చుకునే మనవాణ్ణి పెద్దకులపోడు వెక్కిరించినట్టు ఉంటది. నోటు ఇచ్చినోడి సంగతి మాట్లాడాలి.

ఈ సంతకాల వ్యవహారం మన నేలకి కొత్తది కాదు. 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. గుంటూరు సర్కారు మాత్రం ఆయన సోదరుడు బసాలత్ జంగ్ కింద జాగీరుగా ఉండిపోయింది. ఆయన 1782లో చనిపోయాడు. బేరాలు నడిచి నడిచి 1788లో అదీ కంపెనీ చేతికి పోయింది. కృష్ణకి ఈ పక్కన ఉన్న మన ఊళ్ళన్నీ అట్టా ఒక కాగితంతో చేతులు మారినయ్యే. ఆ రోజు మన తాతల తాతలు దొర చేలోనే ఉండి ఉంటారు. సాయంత్రానికి వాళ్ళ దొరకి దొర మారాడు. కూలి గింజల కొలత మారలా.

ఇక అసలు సంగతి, హైదరాబాదు.

1947లో బ్రిటిష్ వాళ్ళు పోతా పోతా ఒక మెలిక పెట్టి పోయారు. సంస్థానాల మీద తమకున్న సార్వభౌమాధికారం ఆగస్టు 15తో రద్దయిపోతుందని భారత స్వాతంత్ర్య చట్టంలో రాశారు. అయితే నేను ఎవరి కిందా లేను అన్నాడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. జూన్‌లోనే ఫర్మానా ఇచ్చాడు. ఎనభై రెండు వేల చదరపు మైళ్ళ సంస్థానం, 1941 లెక్కల్లో కోటీ అరవై మూడు లక్షల జనం. సొంత నాణెం, సొంత రైలు, సొంత తపాలా, సొంత సైన్యం ఉన్నాయి. చుట్టూ ఇండియా. సముద్రం లేదు. లేదు గనకనే పోర్చుగీసు వాళ్ళ గోవాలో రేవు కోసం ప్రయత్నం చేశారు.

నవంబర్ 29న ఇండియాతో ఏడాది యథాతథ ఒప్పందం అయితే కుదిరింది. ఆ ఏడాదిని రెండు పక్షాలూ ఎట్టా వాడుకున్నాయి? ఇండియా సరుకులు రాకుండా దిగ్బంధం చేస్తోందని నిజాం ప్రభుత్వం గోల పెట్టింది. నిజాం ప్రభుత్వం తన దగ్గరున్న భారత ప్రభుత్వ సెక్యూరిటీల్లోంచి ఇరవై కోట్ల రూపాయలు పాకిస్తాన్‌కి అప్పుగా ఇచ్చిందని ఇండియా మండిపడింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్ళు విమానాల్లో తుపాకులు మోసుకొచ్చాడు. లండన్‌లో సర్ వాల్టర్ మాంక్టన్ అనే పెద్ద లాయరు నిజాం తరఫున తిరిగాడు. పల్లెల్లో మటుకు ఖాసిం రజ్వీ రజాకార్లు దొరల గడీల అండతో ఊళ్ళు తగలబెడుతున్నారు. నల్లగొండ వైపు జనం పిల్లాజెల్లాతో కృష్ణ దాటి పల్నాడుకీ, బెజవాడ వైపుకీ వస్తన్నారు.

నిజాం నమ్మకం అంతా బ్రిటన్ మీదే. మొదటి ప్రపంచ యుద్ధంలో డబ్బూ, విమానాలూ ఇచ్చినందుకు 'నమ్మకమైన మిత్రుడు' అని బిరుదిచ్చారు గదా. అవసరం తీరాక ఆ మిత్రుణ్ణి ఏం చేశారు? 1948 జులైలో ప్రతిపక్షంలో ఉన్న చర్చిల్ పార్లమెంటులో నిజాం పక్షాన గట్టిగానే మాట్లాడాడు. చర్చిల్‌కి హైదరాబాదు జనం మీద ప్రేమ అనుకునేరు! గాంధీ మీదా కాంగ్రెస్ మీదా ఉన్న కడుపుమంట అది. అధికారంలో ఉన్న అట్లీ ప్రభుత్వం కదల్లేదు. కామన్వెల్తులో ఇండియా ఉండాలి, ఇండియా బజారు ఉండాలి. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌కి మధ్యవర్తిగా ఉండమని నిజాం కబురు పెట్టాడు. కుదరదన్నారు. ఇచ్చినా వాళ్ళ అవసరమే, ఇవ్వకపోయినా వాళ్ళ అవసరమే. పనామాకి మూడు రోజుల్లో వచ్చిన కాగితం, పనామా కంటే ఎన్నో రెట్లు జనం ఉన్న హైదరాబాదుకి పదమూడు నెలల్లో రాలేదు. హైదరాబాదులో తవ్వాల్సిన కాలువ లేదు మరి.

చివరి దారి ఐక్యరాజ్య సమితి. 1948 ఆగస్టు 21న భద్రతా మండలికి ఫిర్యాదు పంపారు. సమితి నియమావళిలో 35వ అధికరణం రెండో భాగం కింద, సభ్యత్వం లేని 'రాజ్యం' కూడా తగాదా తేవచ్చు. కీలకమంతా ఆ 'రాజ్యం' అన్న మాటలోనే ఉంది. ఫిర్యాదు విన్నారంటే రాజ్యం అని ఒప్పుకున్నట్టే అవుతుందని నిజాం వాళ్ళ ఆశ. అది రాజ్యమే కాదు, ఇది మా అంతర్గత వ్యవహారం, మీకు వినే హక్కే లేదని ఇండియా వాదన. ఆ 'అంతర్గత వ్యవహారం' అనే మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

సెప్టెంబర్ 11న జిన్నా చనిపోయాడు. 13న భారత సైన్యం హైదరాబాదులోకి దిగింది. దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. యుద్ధం అంటే అవతల ఒక దేశం ఉందని ఒప్పుకోవాలి, పోలీసు చర్య అంటే అక్కర్లేదు. 16న ప్యారిస్‌లో భద్రతా మండలి కూర్చుంది. విషయాన్ని అజెండాలో పెట్టటానికి ఎనిమిది ఓట్లు వచ్చాయి. రష్యా, ఉక్రెయిన్, చైనా ఎటూ ఓటెయ్యలేదు. పనామాని పోగొట్టుకున్న కొలంబియా కూడా ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చునే ఉంది. నిజాం తరఫున మొయిన్ నవాజ్ జంగ్, ఇండియా తరఫున రామస్వామి మొదలియార్ మాట్లాడారు. మర్నాడు 17న నిజాం లొంగిపోయాడు. 22న ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నానని ఆయన పేరుతోనే తంతి వెళ్ళింది. 1949 మే నెలలో ఆఖరిసారి మాట్లాడుకుని వదిలేశారు.

డబ్బు మటుకు వదల్లేదు. సైన్యం దిగాక, సెప్టెంబర్ 20న, లండన్ బ్యాంకులో ఉన్న నిజాం ప్రభుత్వ సొమ్ము పదిలక్షల పౌండ్లకు పైగా అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ పేరుకి మారిపోయింది. ఇక దావా. డెబ్భై ఏళ్ళు ఇండియా, పాకిస్తాన్, నిజాం వారసులు కొట్లాడుకుంటే, వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లయిన ఆ సొమ్ము ఇండియాకీ నిజాం వారసులకీ చెందుతుందని 2019 అక్టోబరులో లండన్ కోర్టు తీర్పు చెప్పింది. ఆ సొమ్ము ఎవరి శిస్తు? ఎవరి వెట్టి? ఆ దావాలో వెట్టివాడి వారసుడు కక్షిదారు కాదు.

ఇప్పుడు మన తమ్ముడి ప్రశ్నకి వద్దాం. ప్యారిస్‌కి పోయిన నిజాం బృందంలో మనవాడు ఉన్న మాట నిజం. ఔరంగాబాదులో పుట్టిన శ్యాంసుందర్. తర్వాత 1968లో భీమ్‌సేన పెట్టిన మనిషి. దళితులూ ముస్లింలూ ఒకటి కావాలని జీవితమంతా చెప్పినవాడు. 'హైదరాబాదు అంబేద్కర్' అనిపించుకున్న బి.ఎస్. వెంకట్రావు లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి. షెడ్యూల్డు కులాల చదువులకి కోటి రూపాయల నిధి పెట్టిందీ నిజమే. వాళ్ళను ద్రోహులనే నోళ్ళు ఉన్నాయి. ఆ నోళ్ళ వెనక ఉన్న కులం మాకు తెలుసు. అదే నిజాం దగ్గర దేశ్‌ముఖులుగా, వతన్‌దార్లుగా వేల ఎకరాలు తిన్న రెడ్డి, వెలమ దొరలను మటుకు ఎవరూ ద్రోహులనలేదు. వాళ్ళు సెప్టెంబర్ 18 పొద్దున్నే ఖద్దరు టోపీ పెట్టుకుని దేశభక్తులైపోయారు. ఎవరూ బడి ముఖం చూడనివ్వని వాడికి ఒకడు బడి కట్టిస్తానంటే వాడి వైపు నడవడం ద్రోహమెట్టా అయింది? భాగ్యరెడ్డి వర్మ బతికినంత కాలం ఆది హిందువులమని చెప్పుకుంటా, సొంతంగా బడులు పెట్టుకుంటా వచ్చిన జాతి అది.

అయినా మేం ఆ తమ్ముడితో ఒప్పుకోం. ఎందుకంటే, నిజాం ఆ కోటి ఎప్పుడిచ్చాడు? ఆయన గద్దె ఎక్కింది 1911లో. అప్పటి నుంచి లేని కోటి, జనసంఖ్య చూపించాల్సిన అవసరం వచ్చిన చివరి రెండేళ్ళలో పుట్టింది. జనంలో ఎక్కువమంది నా మతంవాళ్ళు కారు అనే ఎదుటివాదానికి జవాబుగా, ఇదుగో అణగారిన కులాలు నాతోనే ఉన్నాయని చూపించాలి. ప్యారిస్‌లో మన మనిషి కావాల్సింది సాక్ష్యానికి. నిజాం సొంత ఆస్తి సర్ఫేఖాస్ గ్రామాల్లో ఆ రోజు కూడా మాదిగ డప్పు కొట్టాల్సిందే, మాల మస్కూరీ వెట్టి చెయ్యాల్సిందే. ప్యారిస్ బల్ల మీద పెట్టిన కాగితంలో వెట్టి రద్దు లేదు, ఎకరం భూమి లేదు, ఓటు లేదు. దేశానికి గుర్తింపు అడిగారు, దేశంలో ఉన్న మనుషుల గుర్తింపు మాట రాలేదు.

ఈ సంగతి బాబాసాహెబ్ అప్పుడే చెప్పారు. 1947 జూన్‌లో సంస్థానాల స్వాతంత్ర్యం మీద ఆయన చేసిన ప్రకటన మనవాళ్ళు చదవాలి. ఇండియాకి ఉన్న అధికారాన్ని కాదని సమితి ఏ సంస్థానాన్నీ గుర్తించదని, గుర్తిస్తుందనుకుంటే భ్రమేనని చెప్పారు. అంతటితో ఆగలేదు. ముందు తన గడ్డ మీద ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం పెట్టకపోతే సమితి ఏ సంస్థానానికీ సాయం చెయ్యదని కూడా చెప్పారు. చూశారా, దున్నేవాణ్ణి అడిగారా అన్న మన పెద్దమ్మ మాట అదే. నవంబర్‌లో, హైదరాబాదు షెడ్యూల్డు కులాలు నిజాం పక్షం గానీ ఇత్తెహాద్ పక్షం గానీ చేరొద్దని గట్టిగా చెప్పారు. కాంగ్రెస్ దొరల మీద నమ్మకంతో చెప్పిన మాట కాదది. ఆ ఏడాది మార్చిలోనే 'రాజ్యాలు – అల్పసంఖ్యాకులు' అనే విజ్ఞాపనలో సాగుభూమి మొత్తం ప్రభుత్వపరం చేసి కులం చూడకుండా సాగుకివ్వాలనీ, మనవాళ్ళకి వేరే ఊళ్ళు కట్టాలనీ రాసి పెట్టిన మనిషి. నిజాం కాగితంలో లేనిదీ అదే, ఢిల్లీ కాగితంలో చేరనిదీ అదే.

విమోచనం అంటున్న పెద్దలకి కూడా రెండు మాటలు చెప్పాలి. ఎవరికి విమోచనం? నిజాంకి రాజప్రముఖ్ పదవి ఇచ్చారు, ఏడాదికి యాభై లక్షల రాజభరణం ఇచ్చారు. 1949లో జాగీర్లు రద్దు చేసి జాగీర్దార్లకి పరిహారం ఇచ్చారు. సైన్యం వెనకాలే పారిపోయిన దొరలు పల్లెలకి తిరిగొచ్చి, జనం పంచుకున్న భూములు లాక్కున్నారు. 1951 దాకా ఆ సైన్యం తుపాకీ తిరిగింది దున్నేవాడి మీదే. ఇంకో పక్క, సైన్యం దిగిన రోజుల్లో ఊళ్ళల్లో ముస్లింలను నరికారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయారని లెక్క వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు. రజాకార్ల పాపాలు సినిమాలుగా తీస్తన్నారు, తియ్యండి. చనిపోయిన ఆ పేద ముస్లిం సాయిబు, మన గూడెం పక్కన దూదేకుల వాడలో ఉండే సాయిబు లాంటివాడే గదా, ఆయన పేరు ఏ గెజిట్‌లో వేశారు?

తగువులో ఇంకో పిల్లవాడు అడిగాడు, "అయితే విడిపోవడాలన్నీ దొంగవేనా?" అని. కాదు. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్ జనం 169 సీట్లలో 167 అవామీ లీగ్‌కి ఇచ్చారు. ఇస్లామాబాదు ఒప్పుకోక ఊచకోత మొదలెట్టింది. అమెరికా, చైనా పాకిస్తాన్ వైపు నిలబడ్డా బంగ్లాదేశ్ నిలిచింది. ఇండియా 1971 డిసెంబర్ 6న గుర్తించింది. ఇండియాకి సొంత లాభం లేకనా? ఉంది. కానీ అక్కడ ముందు జనాన్ని అడిగారు, కాగితం తర్వాత వచ్చింది. దీనికి తలకిందుల కథ ట్రాన్స్‌కీ. తెల్లోళ్ళ దక్షిణాఫ్రికా 1976 అక్టోబర్ 26న నల్లోళ్ళకి 'స్వతంత్ర దేశం' ఇచ్చానంది. మీకు దేశం ఇచ్చాం గదా, ఇక దక్షిణాఫ్రికాలో మీరు పరాయివాళ్ళు అని పౌరసత్వం పీకేసింది. ఊరి బయట వాడ కట్టి, దానికో జెండా ఇచ్చి, ఇక ఊళ్ళో హక్కడగొద్దు అన్నట్టు! తయారుచేసిన దక్షిణాఫ్రికా తప్ప ప్రపంచంలో ఏ దేశమూ గుర్తించలేదు. గుర్తింపు ఇవ్వకపోవడం కూడా ఒక్కోసారి అణగారినవాడికి ఇచ్చే గౌరవం.

దక్షిణాఫ్రికా మాట వచ్చింది గనక ఆ 'అంతర్గత వ్యవహారం' దగ్గరికి వద్దాం. 1946లో సమితి మొదటి సమావేశాల్లోనే ఇండియా ఒక ఫిర్యాదు పెట్టింది, దక్షిణాఫ్రికాలో భారతీయులను రంగు చూసి తొక్కేస్తన్నారని. ఇది మా అంతర్గత వ్యవహారం, సమితికి సంబంధం లేదని దక్షిణాఫ్రికా వాదించింది. మనిషిని మనిషిగా చూడకపోవడం ఎవరి ఇంటి వ్యవహారమూ కాదని ఇండియా వాదించి గెలిచింది. మంచిదే. యాభై అయిదేళ్ళు గడిచాయి. 2001 ఆగస్టు ఆఖర్లో అదే దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో, సమితి జాతి వివక్ష మీద ప్రపంచ సభ పెట్టింది. ఈసారి మనవాళ్ళు ఎవరి బృందంలోనూ సాక్షులుగా పోలేదు. నల్ల బ్యానర్లు పట్టుకుని సొంతంగా పోయారు. కులం, అంటరానితనం గురించి ప్రపంచం మాట్లాడాలన్నారు. భారత ప్రభుత్వం ఏమంది? కులం జాతి కాదు, ఇది మా అంతర్గత వ్యవహారం అంది. 1946లో దక్షిణాఫ్రికా తెల్లోడు చెప్పిన మాట, ముక్క మారకుండా! మానవ హక్కుల పాఠాలు చెప్పే యూరపు దేశాలు చేతులు కట్టుకుని కూర్చున్నాయి. ఇండియా బజారు మళ్ళీ గుర్తొచ్చింది. చివరి ప్రకటనలో కులం అనే మాట లేకుండా సభ ముగిసింది. మర్నాటి ఏడాది, 2002లో, జాతి వివక్షపై ఉన్న సమితి కమిటీ పుట్టుక ఆధారంగా చూపే వివక్షలో కులం కూడా వస్తుందని చెప్పింది. ఢిల్లీ ఈనాటికీ దాన్ని ఒప్పుకోదు.

1948లో ఒక రాజుకి సాక్ష్యం కావాల్సొస్తే మన మనిషి ప్యారిస్‌లో పనికొచ్చాడు. 2001లో మన కేసు మనమే పట్టుకుపోతే డర్బన్‌లో తలుపేశారు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడమని ఆ తమ్ముణ్ణి అడుగుతున్నాం.

అంత దూరం ఎందుకు, చుండూరు మన పక్కనే గదా. 1991 ఆగస్టు 6న, పోలీసులు ఊళ్ళో ఉండగానే, ఎనిమిది మంది మనవాళ్ళను పొలాల్లో తరిమి నరికి, గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. ఆ వేళ ఈ దేశానికి గుర్తింపు ఉంది. సమితిలో సీటు ఉంది, జెండా ఉంది. చుండూరు పల్లెవాళ్ళు తెనాలిలో శిబిరం వేసుకుని, పరిహారాలకి లొంగకుండా, నేరం జరిగిన చోటే కోర్టు పెట్టాలని పట్టుబట్టారు. మా ఊరికి మీ న్యాయం నడిచి రావాలన్నారు. అట్రాసిటీ చట్టం కింద ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు సాధించారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అయినా మేం చెప్పేది ఒకటుంది. హైదరాబాదు వాళ్ళు ప్యారిస్ దాకా పోయి సాధించలేనిది, చుండూరు వాళ్ళు తెనాలి రోడ్డు మీద కూర్చుని కొంతైనా సాధించారు. వాళ్ళ కాగితం వాళ్ళే రాసుకున్నారు గనక.

రేపు సెప్టెంబర్ 17కి ఎవరో ఒకరు మన పల్లెలకి జెండాలు పట్టుకొస్తారు. కాషాయం వాళ్ళు విమోచన ర్యాలీకి లారీ పంపిస్తామంటారు. ఇంకొకరు నిజాం మనోడే, రండి అంటారు. లారీ ఎక్కేముందు అడగండి: పోరంబోకు పట్టాల సంగతి మీ కాగితంలో ఎన్నో లైనులో ఉంది? స్మశానానికి దారి ఏ పేజీలో ఉంది? వేమూరు నియోజకవర్గం 2009 నుంచి రిజర్వుడు, గెలిచేది మన కులం వాడే, టిక్కెట్టు ఇచ్చేది ఎవరు? ఆ అడిగే పని ఆ తమ్ముడికే ఒప్పజెప్పాం. మొహం చిట్లించాడు గానీ కాదనలేదు.

చివరిగా ఒక విన్నపం. 1948లో రజాకార్ల భయానికి కృష్ణ దాటి మన వైపు వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు రేపల్లె, తెనాలి, బాపట్ల పల్లెల్లో ఎక్కడన్నా ఉంటే, ముసలివాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి పంపండి. ఏ ఊరి నుంచి వచ్చారు, అక్కడ ఎవరి వెట్టి చేశారు, తిరిగి పోతే భూమి దక్కిందా లేదా, అంతా రాయండి. చేతిరాత బాగాలేకపోయినా ఫరవాలేదు. వచ్చే సంచికలో వేస్తాం.